ఏడో బిల్డింగ్‌లో సున్నా

తనిఖీ అనే మాట చెవిన పడితే చాలు, ఆ క్వార్టర్సులో పిల్లులు కూడా మూతి కడుక్కుంటాయి. నలభై ఏళ్లు ఫ్యాక్టరీలో వాళ్లు చేసింది అదే మరి. పైనుంచి మనుషులు వస్తున్నారంటే గోడలకు సున్నం, యంత్రాలకు నూనె, పాడైన సరుకు మీద టార్పాలిన్. వచ్చినవాళ్లు టీ తాగి, తల ఊపి, మెచ్చుకోలుగా చేతిలో ఓ ఎర్ర జెండా పెట్టి వెళ్లిపోయేవారు. ఫ్యాక్టరీ మూతపడి పదిహేనేళ్లయింది. ఆ అలవాటు మాత్రం ఇంకా మూతపడలేదు.

అందుకే వీధి కమిటీ వాళ్లు నోటీసు బోర్డు మీద గులాబీ రంగు కాగితం అంటించినప్పుడు ఎవరూ బుర్ర గోక్కోలేదు. అరవై దాటిన వాళ్లందరినీ పెద్దాసుపత్రి బృందం వచ్చి చూస్తుందట, వణుకు జబ్బు ఎంతమందికి ఉందో లెక్క తీస్తుందట. ఏడో బిల్డింగ్ పెద్ద తావ్ పెయ్‌లాన్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, చేతిలో కూరల సంచీ కింద పెట్టి, "అయితే మనకు వారం టైముంది" అంది.

పెయ్‌లాన్‌కి అరవై ఆరేళ్లు. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇరవై ఎనిమిదేళ్లు గరిటె పట్టిన మనిషి. ఆమె పిలిస్తే ఐదో అంతస్తులో చెవిటివాళ్లు కూడా కిందికి దిగి వస్తారు. పక్క క్వార్టర్సులో ఆ బృందం అప్పటికే వచ్చి వెళ్లింది. అక్కడ ఉండే చెల్లెలికి ఫోన్ చేసి, వాళ్లు ఏమేం అడిగారో మొత్తం రాబట్టింది. తొమ్మిది ప్రశ్నలు. ఆ తర్వాత కుర్చీలోంచి లేవాలి, పది అడుగులు నడవాలి, వెనక్కి తిరిగి రావాలి. ఏ ప్రశ్నకైనా 'అవును' అంటే పక్కకి తీసుకెళ్లి పెద్ద డాక్టరు చూస్తుంది. అన్నిటికీ 'లేదు' అంటే ఇంటికి పొమ్మంటారు. ఇంత సులువైన తనిఖీ పెయ్‌లాన్ తన జన్మలో చూడలేదు. పాత క్యాలెండర్ కాగితం వెనక అన్నీ రాసుకుంది.

అయితే ఆమె తొందరంతా జెండా కోసమే అనుకుంటే పొరపాటు. జెండా మీద ఆశ లేదని కాదు, ఉంది, దండిగా ఉంది. అసలు భయం ఇంట్లో ఉంది.

ఆమె మొగుడు పాన్ దెషన్ ఎనిమిదో గ్రేడ్ ఫిట్టరు. ఆ రోజుల్లో ఎనిమిదో గ్రేడ్ అంటే ఇంజనీర్లు లేచి నిలబడేవారు. ఆకురాయి పట్టి ఇనుప ముక్కను వెంట్రుకలో పదో వంతు తేడా లేకుండా నున్న చేసేవాడు. ఇప్పటికీ క్వార్టర్సులో అందరూ పాన్ మేస్త్రి అనే పిలుస్తారు. ప్రతి బుధవారం సాంకేతిక పాఠశాల వాళ్లు ఆయన్ను పిలిపించుకుని ఆకురాయి పట్టడం నేర్పించుకుంటారు. మిగతా ఆరు రోజులూ ఆయన ఆ బుధవారం కోసమే బతుకుతాడు.

పోయిన ఏడాది చంద్రుడి పండగ రోజు, బల్ల మీద ఊరికే పెట్టి ఉంచిన ఆయన కుడి చేతి బొటనవేలు బఠాణీ గింజను నలుపుతున్నట్టు దానంతట అదే ఆడటం పెయ్‌లాన్ చూసింది. ఆయన చూశాడు ఆమె చూసిందని. ఇద్దరూ మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఆ చెయ్యి జేబులోకి పోయింది. ఆ తర్వాత రెండు అక్రోటు కాయలు తెచ్చుకుని అరచేతిలో తిప్పడం మొదలుపెట్టాడు. చేతికి పని ఉన్నంతసేపు వణుకు రాదని ఎలా కనిపెట్టాడో ఆయనకే తెలియాలి. ముసలాళ్లు అక్రోట్లు తిప్పడం ఆ ఊళ్లో వింతేమీ కాదు.

'పేరు రాయించుకుంటే వచ్చేదేముంది, ఆ బుధవారం పోవడం తప్ప' అనుకుంది పెయ్‌లాన్. వణుకు జబ్బుకి మందు లేదని ఎక్కడో విని ఉంది. మందే లేనప్పుడు డాక్టరుకి చెప్పుకుని లాభమేంటి? ఆయన ఒక్కడి పేరు రాకుండా చూస్తే అనుమానిస్తారు. బిల్డింగ్ మొత్తంలో ఒక్క పేరూ రాకుండా చూస్తే ఆదర్శ భవనం అంటారు. ఆమె లెక్క అది.

మూడు రోజులు సైకిళ్ల షెడ్డు వెనక శిక్షణ నడిచింది. అరవై ఒక్క మంది ముసలాళ్లు చిన్న స్టూళ్లు తెచ్చుకుని వరసగా కూర్చున్నారు.

"అడుగులు నేలకు అతుక్కుపోతున్నాయా?" అని పెయ్‌లాన్ కాగితం చూసి చదివింది.

"లేదు."

"ఏంటా సణుగుడు? అన్నం తినలేదా? గట్టిగా!"

"లేదూ!"

"అతుక్కుపోతే ఇక్కడికి ఎలా వచ్చాం, ఎగిరొచ్చామా?" అని మూడో అంతస్తు జోంగ్ వదిన వెనకనుంచి గొణిగింది. ఆమెకు డెబ్బై. ప్రతిదానికీ ఓ వంకర మాట వెయ్యకపోతే ఆమెకు అన్నం సహించదు.

"వదినా, అడిగినదానికి సమాధానం చెప్పు చాలు. అదనంగా ఏమన్నా అన్నావో, పేరు రాసేసుకుంటారు."

షీ పెద్దమ్మ దగ్గర మాత్రం వ్యవహారం ఆగిపోయింది. డెబ్బై ఆరేళ్లు, నాలుగో అంతస్తు, ఒంటరి మనిషి. చెయ్యి వణకదు, ఏమీ వణకదు. కానీ కుర్చీలోంచి లేచాక కదలదు. కాళ్లు పాతేసినట్టు నిలబడి, నేలకేసి చూస్తూ ఉంటుంది.

"నడు పెద్దమ్మా! ఏంటా బద్ధకం?" అని పెయ్‌లాన్ విసుక్కుంది.

"నడుస్తున్నానే తల్లీ. కాళ్లకి చెప్పాను, అవి వినడం లేదు."

అందరూ నవ్వారు. పాన్ మేస్త్రి నవ్వలేదు. లేచి ఆమె పక్కకి వెళ్లి, పొద్దున రేడియోలో వ్యాయామానికి వేసే లెక్కని అదే బాణీలో మెల్లగా అందుకున్నాడు. "ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ... నాలుగు దగ్గర కాలు ఎత్తు పెద్దమ్మా. మనసులో అనుకో చాలు." రెండోసారి లెక్కకి ఆమె కాలు లేచింది. మూడోసారికి పదడుగులూ నడిచి, తిరిగి వచ్చి, కుర్చీలో కూర్చుని చిన్నపిల్లలా మురిసిపోయింది. "భలే కిటుకు చెప్పావు మేస్త్రీ!"

ఈ కిటుకు ఆయనకి ఎలా తెలిసిందని పెయ్‌లాన్ అడగలేదు. మెట్లు దిగేటప్పుడు ఆయన పెదాలు కదలడం ఆమె చాలాసార్లు చూసింది. చూసీ చూడనట్టు ఊరుకోవడంలో ఆ ఇంట్లో ఇద్దరూ ఎనిమిదో గ్రేడే.

తనిఖీ రోజున వైద్య విద్యార్థులు నలుగురు వచ్చారు. ప్రశ్నకి ప్రశ్న, 'లేదు'కి 'లేదు', మిషను మీద కుట్టినట్టు సాగిపోయింది. షీ పెద్దమ్మ పెదాలు కదుపుతూ పదడుగులు నడిచింది. పాన్ మేస్త్రి అక్రోట్లు తిప్పుతూ నడిచాడు. "తాతగారూ, కాయలు భలే నునుపెక్కాయి" అని ఓ విద్యార్థిని మెచ్చుకుని, తర్వాతి కాగితం తీసింది.

అరవై ఒక్క మందిలో సున్నా.

వారం తిరిగేసరికి మెరిసే ఎర్ర మఖ్మల్ గుడ్డ మీద పసుపు దారంతో 'ఆరోగ్య ఆదర్శ భవనం' అని కుట్టిన జెండా ఏడో బిల్డింగ్ గుమ్మంలో వేలాడింది. ఆరో బిల్డింగ్‌లో ఇద్దరి పేర్లు రాసుకుపోయారు. దాని పెద్ద, బట్టతల యాన్, ఒకప్పుడు ఫ్యాక్టరీ మైకులో వార్తలు చదివేవాడు. పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ వచ్చి జెండా కింద నిలబడ్డాడు.

"మా వాళ్లకి తెలివి లేదు, మీ వాళ్లకి జబ్బు లేదు. ఏం నీళ్లు తాగుతున్నారమ్మా మీరు?"

"మీరు తాగేవే. మేం మరగబెట్టి తాగుతాం" అంది పెయ్‌లాన్. ఆ రోజు ఆమెకు నేల మీద కాళ్లు ఆనలేదు. ముగ్గురు పిల్లలు పట్నాల్లో ఉద్యోగాల్లో కుదిరినప్పుడు కూడా ఇంత నిశ్చింతగా నిద్రపోలేదు.

సరిగ్గా మూడు వారాలకి షీ పెద్దమ్మ పడిపోయింది.

వేడి సేమ్యాల గిన్నె పట్టుకుని వంటింట్లోంచి వస్తోంది. గడప దగ్గర కాళ్లు అతుక్కుపోయాయి, ఒళ్లు మాత్రం ముందుకి వెళ్లిపోయింది. తుంటి ఎముక విరిగింది. కింది అంతస్తు వాళ్లు చప్పుడు విని తలుపు బద్దలు కొట్టారు. ఆసుపత్రిలో ఎముక డాక్టరు ఆమె బిగుసుకుపోయిన చేతులు వంచి చూసి, అనుమానం వచ్చి నరాల డాక్టరుని పిలిపించాడు.

పెయ్‌లాన్ జొన్న జావ కాచుకుని చూడటానికి వెళ్లింది. షీ పెద్దమ్మ ముఖం గోడలా ఉంది, ఏ భావమూ లేదు. కళ్లు మాత్రం ఆమెను చూసి మెరిశాయి. గొంతు పీలగా, వంగి వింటేగాని వినపడనంత మెల్లగా వచ్చింది.

"పెయ్‌లాన్, డాక్టరమ్మ మళ్లీ ఆ ప్రశ్నలే అడిగిందే. ఎముక విరిగినా సరే, నువ్వు నేర్పినట్టే చెప్పాను. తొమ్మిదికి తొమ్మిదీ లేదన్నాను. బాగా చెప్పాను కదూ?"

పెయ్‌లాన్ గిన్నెలో చెంచా ముంచింది. జావ చెంచా చేతిలో అలాగే ఉండిపోయింది. ఏం చెప్పాలి? బాగా చెప్పావని అనాలా? "తాగు పెద్దమ్మా" అని మాత్రం అనగలిగింది. ఆమె జీవితంలో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకోటి లేదు.

వసారాలో నరాల డాక్టర్ కువాంగ్ ఎదురుచూస్తోంది. లెక్క తీయడానికి వచ్చిన బృందం ఆమెదే. ముప్పై అయిదేళ్లు ఉంటాయి, కళ్ల కింద నల్లటి చారలు. గొంతు పెంచే అవసరం లేని మనిషి.

"మీరేనా ఏడో బిల్డింగ్ పెద్ద? కూర్చోండి పిన్నిగారూ. మీ క్వార్టర్సులో అరవై దాటినవాళ్లు తొమ్మిది వందల మంది. ఈ దేశంలో ఆ వయసు వాళ్లు వెయ్యి మందిని చూస్తే పదమూడు, పద్నాలుగు మందికి ఈ జబ్బు ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. మీ దగ్గర కనీసం పన్నెండు మంది తేలాలి. నాకు దొరికింది నలుగురు. మీ బిల్డింగ్‌లో ఎనభై దాటినవాళ్లే పదకొండు మంది, అయినా సున్నా. నేను సున్నాని నమ్మను."

"షీ పెద్దమ్మకి వణుకు లేదు కదా డాక్టరమ్మా?"

"అందరికీ వణుకు రాదు. కొందరు బిగుసుకుపోతారు. నడక మందగిస్తుంది, ముఖంలో నవ్వు తగ్గిపోతుంది. ఇంట్లోవాళ్లు ముసలితనం అనుకుంటారు, లేదా బద్ధకం అంటారు."

బద్ధకం. ఆ మాట పెయ్‌లాన్‌కి చెంపదెబ్బలా తగిలింది.

"దీనికి మందే లేదంటారుగా? మరి పేరు రాయించుకుని ఏం సుఖం?"

"ఎవరన్నారు లేదని? నయం కాదు, నిజమే. కానీ వేళకి మందు పడితే చెయ్యి, కాలు ఏళ్ల తరబడి మన మాట వింటాయి. పెద్దమ్మకి రెండేళ్ల కిందటే మొదలుపెట్టి ఉంటే ఆ గడప దాటేదేమో. మీ వీధి క్లినిక్‌లో ఆ మాత్రలు ఉన్నాయా? లేవు. ఎందుకు లేవు? కాగితం మీద ఇక్కడ రోగులు లేరు కాబట్టి. రేపు ఆమె ఇంటికొచ్చాక మాత్రల కోసం రెండు బస్సులు మారి ఎవరో ఒకరు ఇక్కడికి రావాలి. మీ సున్నా మీ గుమ్మం మీద ఆగలేదు పిన్నిగారూ. పైదాకా పోయింది."

పెయ్‌లాన్ అక్కడే, ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే, మొత్తం చెప్పేసింది. ఫోను, క్యాలెండర్ కాగితం, సైకిళ్ల షెడ్డు, అన్నీ. మొగుడి సంగతి ఒక్కటి మింగేసింది. చివర్లో లేచి నిలబడి అంది: "శనివారం రండి. మళ్లీ లెక్క పెట్టండి. ఈసారి నిజం చెప్పించే పూచీ నాది."

జెండాని తనే స్టూలెక్కి దించింది. మడిచి ప్లాస్టిక్ సంచీలో పెట్టి వీధి కమిటీ బల్ల మీద పడేసింది. కార్యదర్శి నీళ్లు నమిలాడు. "రిపోర్టు పంపేశాం పిన్నిగారూ, ఇప్పుడు వెనక్కి తీసుకుంటే మా పరువేం కాను?" అన్నాడు. "మీ పరువు సంగతి నాకు తెలీదు. షీ పెద్దమ్మ తుంటి విరిగింది" అని వచ్చేసింది.

ఇంటికొచ్చి, మొగుడు టీ పోసుకుంటుంటే సూటిగా చెప్పింది.

"ఏమయ్యా, శనివారం డాక్టరమ్మ మళ్లీ వస్తోంది. నీ చెయ్యి చూపించాలి."

నీ చెయ్యి అన్న మాట ఆ ఇంట్లో పది నెలల్లో మొదటిసారి పలికింది. పాన్ గ్లాసు కింద పెట్టాడు.

"నా చేతికేం?"

"ఏమీ లేకపోతే ఆ అక్రోట్లు బల్ల మీద పెట్టి కూర్చో చూద్దాం."

"నీకు మతి పోయిందే. ఆ రోజు లేదని చెప్పమన్నది నువ్వు. పదిసార్లు వల్లె వేయించింది నువ్వు."

"నేనే. బుద్ధి గడ్డి తిని చేశాను. ఇప్పుడు దిద్దుకుంటాను."

"నలభై ఏళ్లలో ఈ చేత్తో చేసిన ముక్క ఒక్కటి తనిఖీలో వెనక్కి రాలేదు!" పాన్ అరిచాడు. ఆయన అరవడం అరుదు. "ఇప్పుడు నన్ను తీసుకెళ్లి పాత ఇనుములో పడేస్తావా? బళ్లో తెలిస్తే బుధవారం నుంచి రావద్దంటారు. తర్వాత నేనేం చెయ్యాలి? ఈ బాల్కనీలో కూర్చుని ఉల్లికాడలు పెంచాలా?"

"పెంచు, ఏం? నాకు భయంగా ఉందయ్యా. షీ పెద్దమ్మలా నువ్వు పడితే నిన్ను నేను ఎత్తలేను. నా నడుం సంగతి నీకు తెలుసు."

పాన్ బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

సరే. ఈయన సంగతి తర్వాత. పెయ్‌లాన్ క్యాలెండర్ కాగితం పట్టుకుని ఐదో అంతస్తు నుంచి మొదలుపెట్టింది. లిఫ్టు లేని బిల్డింగ్. అరవై తలుపులు కొట్టింది. మర్నాడు మళ్లీ కొట్టింది. కొందరు తలుపు తీయలేదు, కొందరు తీసి వేసేశారు. మోకాళ్లు నొప్పి పుడితే మెట్ల మీదే కూర్చుని, నూనె రాసుకుని మళ్లీ ఎక్కింది. ఒక ముసలాయన అయితే చేతులు జోడించాడు: "అమ్మా, పోయిన నెల లేదనమన్నావు, ఈ నెల ఉందనమంటావు. నా ఒంట్లో ఏం ఉండాలో నువ్వే ఓ కాగితం మీద రాసిచ్చెయ్యి, చదివేస్తాను."

జోంగ్ వదిన తలుపుకి అడ్డంగా నిలబడి, చిక్కుళ్లు ఈనెలు తీస్తూ మొత్తం విన్నది.

"ఉపన్యాసం బాగుంది. ముందు మీ మేస్త్రిని అడిగావా?"

"ఆయనకేం?"

"ఓసి పిచ్చిదానా! జేబులో చెయ్యి పెట్టుకుని మహ్‌జాంగ్ ఆడేవాణ్ణి ఎక్కడన్నా చూశావా? ఎడం చేత్తో బిళ్లలు పేర్చుకుంటుంటే మేమంతా కళ్లు మూసుకున్నామనుకున్నావా? ఏడాదిగా తెలుసు. ఆ మనిషి పరువు కోసం నోరు మూసుకున్నాం."

"బళ్లో... తెలుసంటావా?" అంది పెయ్‌లాన్.

"మా మేనకోడలు అక్కడే ఆఫీసులో పని చేస్తుంది. అందరికీ తెలుసు. వాళ్లకి కావలసింది ఆయన కన్ను. ముక్కను వెలుతురుకి ఎత్తి చూసి తప్పెక్కడుందో చెప్పేవాడు ఈ జిల్లాలో ఇంకొకడు లేడట. ఆకురాయి పట్టడానికి కుర్రాళ్లున్నారుగా." జోంగ్ వదిన చిక్కుడుకాయ విరిచింది. "ఇంతకీ నువ్వు చెప్పేది ముందు నీకే అన్వయించుకో, ఆ తర్వాత నా తలుపు కొట్టు."

ఆ సాయంత్రం అన్నాల దగ్గర పెయ్‌లాన్ మొగుడికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెప్పకుండా దాచిపెడితే ఇంకో టార్పాలిన్ కప్పినట్టే కదా అనుకుంది.

"అందరికీ తెలుసట."

పాన్ చాప్‌స్టిక్స్ ఆగాయి. "బళ్లో కూడానా?"

"బళ్లో కూడా. నీ కన్ను కావాలట వాళ్లకి."

ఆయన గిన్నెలో అన్నం అలాగే వదిలేశాడు. పది నెలలు ఒళ్లు హూనం చేసుకుని దాచిన సంగతి ఊరందరి కళ్ల ముందే ఉందని తెలిస్తే మనిషికి ఎలా ఉంటుంది? పెయ్‌లాన్‌కి ఆయన్ను చూస్తే జాలేసింది, తన మీద తనకే కోపం వచ్చింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

శుక్రవారం ఆయన ఒక్కడే బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లాడు, షీ పెద్దమ్మ దగ్గరికి. తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

"మంచం మీద పడుకుని కూడా లెక్క పెడుతోందే. ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని. మళ్లీ నడుస్తానా మేస్త్రీ, అని నన్ను అడిగింది. ఆ కిటుకు నేర్పింది నేను."

"నేర్పమని నిలబెట్టింది నేను" అంది పెయ్‌లాన్. శనివారం వస్తావా అని ఆమె అడగలేదు. అడిగితే రాడేమో అని భయపడింది.

శనివారం పొద్దున సైకిళ్ల షెడ్డు ముందు బల్ల వేశారు. డాక్టర్ కువాంగ్ స్వయంగా వచ్చింది. విద్యార్థుల యాస ముసలాళ్లకి అందడం లేదని, ప్రశ్నలు చదివి రాసే పని పెయ్‌లాన్‌కే అప్పజెప్పింది. తను పక్కన కూర్చుని మనుషుల్ని చూస్తానంది.

పెయ్‌లాన్ బల్ల వెనక నిలబడి, మైకు లేకుండానే, ఐదంతస్తులకీ వినపడేట్టు చెప్పింది.

"పోయినసారి మీ చేత అబద్ధం చెప్పించింది నేను. తప్పు నాది, ఇంకెవరిదీ కాదు. దానికి షీ పెద్దమ్మ ఎముక విరిగింది. ఈ రోజు మీరు నిజం చెప్పండి. నన్ను తిట్టుకుంటూ చెప్పండి, పర్లేదు."

బాగానే చెప్పింది. ఏం లాభం? మొదట వచ్చినావిడ తొమ్మిదికి తొమ్మిదీ 'లేదు' అంది. రెండో ఆయన కూడా అంతే. పద్నాలుగు మంది వచ్చారు, పద్నాలుగు మందీ నేర్పిన పాఠం అప్పజెప్పి వెళ్లి చెట్టు నీడన నిలబడ్డారు. ఎవరికి వాళ్లు పక్కవాడి వైపు చూస్తున్నారు. మొదట 'అవును' అన్నవాడు పోయినసారి దొంగ అని ఒప్పుకున్నట్టే కదా, ఎవరంటారు? బట్టతల యాన్ గింజల పొట్లం పట్టుకుని సినిమాకి వచ్చినట్టు వచ్చి నిలబడ్డాడు. పెయ్‌లాన్ పెన్ను గట్టిగా పట్టుకుంది. రోజంతా పట్టినా సరే, అవసరమైతే రేపు కూడా సరే, కదిలేది లేదనుకుంది.

అప్పుడు మెట్ల మీంచి పాన్ మేస్త్రి దిగాడు. తెల్ల చొక్కా, మెడ దాకా గుండీలు. పెదాలు కదులుతున్నాయి. అందరూ జరిగి దారిచ్చారు. వచ్చి బల్ల ముందు కుర్చీలో కూర్చుని, కుడి చేతిని తొడ మీద అందరికీ కనబడేట్టు ఊరికే వదిలేశాడు. రెండు క్షణాలకి బొటనవేలు ఆడటం మొదలుపెట్టింది.

పెయ్‌లాన్ కొత్త కాగితం ముందుకు లాక్కుంది. "పేరు?"

"నీకు తెలీదా?"

ఎవరో నవ్వారు. "చెప్పాలి. రూలు" అంది.

"పాన్ దెషన్. డెబ్బై ఒకటి. ఫిట్టరు, ఎనిమిదో గ్రేడ్."

"కుర్చీలోంచి లేవడం కష్టంగా ఉందా?"

"ఉంది."

యాన్ నోట్లో గింజ కొరకడం మానేశాడు.

"చేతిరాత ఇదివరకటికన్నా చిన్నదైందా?"

"అయింది. బళ్లో బోర్డు మీద రాయడం మానేసి ఏడాది దాటింది. నోటితో చెబుతున్నాను."

అది పెయ్‌లాన్‌కి తెలియదు. తలెత్తకుండా రాసింది.

"చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉందా?"

పాన్ మెడ దగ్గరి గుండీని తడిమాడు. "ఉంది."

"ఎప్పట్నుంచి?"

"నాలుగేళ్లు."

పెన్ను ఆగింది. "పది నెలలే కదా. పండగ రోజునేగా..." ఆ ప్రశ్న కాగితం మీద లేదు, అయినా అనేసింది.

"నీకు కనబడింది పది నెలల కిందట. నాలుగేళ్ల నుంచి నీకన్నా గంట ముందు ఎందుకు లేస్తున్నాననుకున్నావే? గుండీలు పెట్టుకోవడానికి." పాన్ గొంతు ఎక్కడా తడబడలేదు. "ఈ రోజు గంటంబావు పట్టింది. అందుకే ఆలస్యమైంది."

నాలుగేళ్లు ఒకే మంచం. ఆయన పొద్దున్నే లేచిపోతుంటే ముసలాళ్లకి నిద్ర పట్టదులే అనుకుని అటు తిరిగి పడుకునేది. గోడ అవతల ఆ మనిషి చీకట్లో ఒక్కొక్క గుండీతో కుస్తీ పడుతున్నాడు. పెయ్‌లాన్ కళ్లకి కాగితం మసకబారింది. డాక్టర్ కువాంగ్ పాన్ చేతిని తన చేతుల్లోకి తీసుకుని మణికట్టు వంచి చూడసాగింది.

"రాయవే" అన్నాడు పాన్. "ఇంకా ఆరు ప్రశ్నలున్నాయి. వెనకాల జనం ఉన్నారు."

ఆమె తలెత్తి చూసింది. నిజంగానే ఉన్నారు. చెట్టు నీడన నిలబడ్డవాళ్లలో నలుగురు మళ్లీ వచ్చి ఆయన వెనక వరస కట్టారు. అందరికన్నా ముందు జోంగ్ వదిన.

"త్వరగా కానియ్యవయ్యా మేస్త్రీ" అంది ఆమె, ఎప్పటి వంకర గొంతుతోనే. "నాకు గుండీల సంగతి దేవుడెరుగు, సూదిలో దారం ఎక్కించి రెండేళ్లయింది."

పెయ్‌లాన్ ముంజేత్తో ముక్కు తుడుచుకుని, గుండీల గడిలో 'నాలుగేళ్లు' అని పెద్ద అక్షరాలతో రాసి, తర్వాతి ప్రశ్న చదివింది.